బకెట్లు మోయకుండా చేపల తొట్టి నీళ్లు మార్చుకోవడానికి ఇంట్లో ఏం తయారు చేసుకోవచ్చు?

నాలుగడుగుల తొట్టి

బెంగళూరు కగ్గదాసపురలో అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటున్నాము. హాల్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి ఉంది. లెక్క ప్రకారం 255 లీటర్లు పట్టాలి కానీ, ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 210 లీటర్ల నీరు ఉంటుంది. ఆరు ఏంజెల్ చేపలు, పది కోరిడోరాలు, ఒక ప్లెకో ఉన్నాయి. వారానికి నాలుగో వంతు నీరు మార్చాలంటే ఇరవై లీటర్ల బకెట్లు మూడు బయటికి, మూడు లోపలికి మోయాలి. తొట్టికీ స్నానాల గదికీ మధ్య ఎనిమిది మీటర్ల దూరం ఉంది.

నిరుడు నాకు నడుములో డిస్కు జారింది, బరువులెత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పటినుంచి ఆ బకెట్లు మా ఆవిడే మోస్తోంది. వారం వారం జరగాల్సిన పని మూడు వారాలకొకసారికి జారిపోయింది. నైట్రేటు (చేపల వ్యర్థాల వల్ల నీటిలో పేరుకునే పదార్థం) పరీక్షలో నీళ్లు ముదురు ఎరుపుకు తిరుగుతున్నాయి, రెండు ఏంజెల్ చేపల రెక్కల అంచులు చిరుగుపట్టాయి. గత ఆదివారం ఒలికిన నీళ్లమీద ఆమె కాలు జారింది, సోఫా అంచు చేతికి దొరకడంతో పడకుండా ఆగింది. ఈ పద్ధతైనా మారాలి, లేదా ఈ తొట్టిని ఎవరికైనా ఇచ్చేయాలి అని ఆ రోజే అనుకున్నాను.

అద్దె ఇల్లు కాబట్టి గోడకు రంధ్రాలు చేయలేను. 1,500 రూపాయల లోపు నా చేతులతో తయారు చేసుకోగలిగిన ఏర్పాటు ఏదైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

పాత ప్లంబరు

తీయడం, నింపడం అనేవి రెండు వేర్వేరు పనులు. మొదటిదానికి కరెంటు అక్కర్లేదు, రెండోదానికి కావాలి. రెంటికీ కలిపి ఒకే పరికరం చేయబోతే రెండూ సరిగా కుదరవు.

ముందు తీయడం సంగతి చూద్దాం. మీ తొట్టి స్టాండు రెండున్నర అడుగులు ఉంటే నీటిమట్టం నేలనుంచి దాదాపు నాలుగడుగుల ఎత్తున ఉన్నట్టు. ఆ ఎత్తు చాలు, సైఫన్, అంటే నీటితో నిండిన పైపు అంచు దాటించి నీటిని కిందికి లాగే పద్ధతి, దానంతటదే పనిచేస్తుంది. అందరూ తప్పుచేసేది పైపు లావు దగ్గర. గాలి పంపుకు వాడే సన్నని గొట్టమో, 12 మిల్లీమీటర్ల గొట్టమో తెచ్చి, చాలాసేపు కూర్చుని, ఈ పద్ధతి పనికిరాదని వదిలేస్తారు. ఎనిమిది పది మీటర్ల దూరం పోవాలంటే లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు ఉన్న పైపు తీసుకోండి. 12 మిల్లీమీటర్ల పైపులో నిమిషానికి ఆరేడు లీటర్లు వచ్చేచోట 16 మిల్లీమీటర్ల పైపులో పన్నెండు పద్నాలుగు లీటర్లు వస్తాయి. వ్యాసం కొంచెమే పెరిగినా పైపు గోడల రాపిడి బాగా తగ్గుతుంది. మీ 55 లీటర్లు నాలుగైదు నిమిషాల్లో స్నానాల గది జాలీలోకి చేరతాయి.

తొట్టి అంచుకు తగిలించడానికి ముప్పావు అంగుళం పీవీసీ పైపుతో కొక్కెం చేసుకోండి. రెండు ఎల్బోలు, మూడు ముక్కల పైపు, బయటి కాలి చివర ఒక బాల్ వాల్వు, దానికి పైపు తగిలించే నిపిల్ ఉంటే చాలు. లోపలి కాలును నీటిమట్టానికి సరిగ్గా నాలుగు అంగుళాల కిందికి వచ్చేలా కోయండి. మీ తొట్టిలో ఒక అంగుళం నీరంటే 14 లీటర్లు, కాబట్టి నాలుగు అంగుళాలకు 56 లీటర్లు. మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి సైఫన్ దానంతటదే ఆగిపోతుంది. మీరు ఫోనులో మాట్లాడుతూ మరిచిపోయినా తొట్టి ఖాళీ కాదు.

పచ్చనాకు

కొక్కెంతో నీరు మారుతుంది కానీ ఇసుకలో పేరుకున్న మురికి అక్కడే ఉంటుంది. నైట్రేటు పెరగడానికి మూలం ఆ మురికి. లీటరు శీతల పానీయం సీసా అడుగు కోసేసి, మూతికి పైపు బిగించి, కోసిన వైపును కంకరలో గుచ్చండి. రాళ్లు సీసాలో సగం దాకా లేచి మళ్లీ కిందపడతాయి, మురికి మాత్రం పైపులోకి పోతుంది. కోసిన అంచును సన్నని గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే కోరిడోరాల మీసాలు తెగుతాయి.

ఇసుకతిన్నె

పచ్చనాకు గారి సీసా కంకరకు బాగుంటుంది. ఇసుక పరిచినవారు అలా గుచ్చితే అరకిలో ఇసుక స్నానాల గదిలో తేలుతుంది, నాకు అదే జరిగింది. ఇసుకకు రెండు లీటర్ల సీసా వాడాలి. సీసా ఎంత వెడల్పుగా ఉంటే అందులో నీటివేగం అంత తక్కువ, ఇసుక అంత కిందే ఉంటుంది. గుచ్చకుండా ఇసుకకు ఒక అంగుళం పైన ఆడించండి, వాల్వు సగమే తెరవండి.

నాలుగడుగుల తొట్టి

నాది సన్నని నది ఇసుక. ఇసుకతిన్నె గారి మాట ముందే దొరకడం మేలైంది. సైఫన్ మొదలుపెట్టడానికి ఇప్పటిదాకా నోటితోనే పీలుస్తున్నాను. దానికి వేరే దారి ఉందా?

డిస్కస్ దాసు

నోటితో పీల్చడం ఈ రోజే మానేయండి. అది చేపల మలం, మిగిలిన మేత కుళ్లిన నీరు. చేతిమీద గాటు ఉన్నప్పుడు తొట్టిలో చేయి పెట్టడం కూడా మంచిది కాదు. మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే సూక్ష్మజీవి గాటులోంచి చర్మంలోకి చేరి, మానకుండా గడ్డలు కట్టిస్తుంది. నా మిత్రుడొకడు చూపుడు వేలికి వచ్చిన గడ్డ కోసం నెలల తరబడి మందులు మింగాడు. చేపలు పెంచుతున్న సంగతి తాను చెప్పనందువల్ల కారణం దొరకడానికే చాలా రోజులు పట్టిందని అతనే చెప్పాడు. మానని పుండుతో ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఇంట్లో చేపల తొట్టి ఉందని మొదటే చెప్పండి.

పాత ప్లంబరు

మొదలుపెట్టడానికి తేలికైన దారి చెబుతాను. పైపు రెండో చివరను స్నానాల గది కుళాయికి పెట్టి, పైపు నిండేదాకా నీరు వదిలి, వాల్వు మూసేయండి. తర్వాత కుళాయి నుంచి తీసి ఆ చివరను జాలీ దగ్గర నేలమీద పెట్టి, వాల్వు తెరవండి. పైపులోని నీటి బరువే మిగతా పని చేస్తుంది. ఆ కాస్త కుళాయి నీరు తొట్టిలోకి పోకుండా వాల్వు మూసే సమయం చూసుకోండి, అంతే.

వైట్‌ఫీల్డ్ వాసి

ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. కుళాయికి తగిలించే పరికరం ఒకటి ఉంటుంది. కుళాయి తిప్పితే దాని ధారే తొట్టిలోని నీటిని లాగుతుంది, మీట తిప్పితే అదే పైపులో కొత్త నీరు తొట్టిలోకి వస్తుంది. పీవీసీ టీ జాయింటుతో దాన్ని ఇంట్లో చేసుకున్నవారున్నారు. నేను విదేశంలో ఉన్నప్పుడు మూడేళ్లు వాడాను, ఏ ఇబ్బందీ రాలేదు.

సంపు నీరు

వైట్‌ఫీల్డ్ వాసి గారితో నేను ఏకీభవించలేను. ఆ పరికరం తొట్టి నీటిని లాగడానికి అంతకు తగ్గని మంచినీటిని కాలువలోకి వదులుతుంది. 2024 వేసవిలో మా వీధిలో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం అర్ధరాత్రి దాకా కాచుకున్నాము. ఆ మార్చిలోనే బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడం, తోటలు తడపడం నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అలాంటి ఊళ్లో 55 లీటర్ల మురికినీరు తీయడానికి ఇంకో 55 లీటర్ల మంచినీరు పారబోయడం నాకు మనస్కరించదు. గురుత్వాకర్షణ ఉచితంగా చేసే పనికి కావేరి నీరు ఎందుకు?

పైగా ఆ పరికరానికి కుళాయిలో మంచి ఒత్తిడి ఉండాలి. మిద్దెమీది ట్యాంకునుంచి దిగే నీటికి పై అంతస్తుల్లో అంత ఒత్తిడి ఉండదు.

వైట్‌ఫీల్డ్ వాసి

నీటి వృథా గురించి మీరు చెప్పినది నిజమే, ఒప్పుకుంటున్నాను. అక్కడ ఆ ఆలోచనే రాలేదు. కానీ నింపే సౌకర్యం మాత్రం దానిలో ఉంది, మీ కొక్కెంలో లేదు. నడుము నొప్పి ఉన్న మనిషికి నింపడమే అసలు కష్టం కదా?

నీలిరెక్క

నింపడానికి డ్రమ్ము, పంపు ఉంటే చాలు. వంటింటి వెనక యుటిలిటీలో మూతతో ఉన్న 80 లీటర్ల డ్రమ్ము పెట్టండి. ముందు రోజు రాత్రి కుళాయి పైపుతోనే నింపి, గాలి పంపుకు తగిలించి బుడగలు వదిలే గాలిరాయి వేసి వదిలేయండి. మర్నాడు అందులో చిన్న మునిగే పంపు వేసి, అదే 16 మిల్లీమీటర్ల పైపును తొట్టి అంచుకు తగిలిస్తే చాలు. మనిషి ఎత్తాల్సిన బరువు ఏదీ లేదు. నేను కూలర్ పంపు వాడుతున్నాను, చాలా చవక.

డిస్కస్ దాసు

రెండు హెచ్చరికలు. మొదటిది డ్రమ్ము గురించి. పాత సామాన్ల దుకాణాల్లో దొరికే నీలం డ్రమ్ములు చాలావరకు రసాయనాలు మోసినవే. పదిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది మెల్లగా వదులుతూనే ఉంటుంది. ఆహార పదార్థాలు వచ్చిన డ్రమ్మని ఖాయంగా తెలిస్తేనే తీసుకోండి, లేదా కొత్త నీళ్ల డ్రమ్ము కొనండి.

రెండోది కూలర్ పంపు. కొన్నింటిలో రాగి, ఇత్తడి భాగాలు నీటికి తగులుతాయి. రొయ్యలు, నత్తలు ఉన్న తొట్టికి రాగి విషం. అయస్కాంతంతో తిరిగే అక్వేరియం పంపు రెండు మూడు వందలు ఎక్కువైనా అదే కొనండి.

నీలిరెక్క

నా తొట్టిలో రొయ్యలు లేవు, రెండేళ్లుగా చేపలకు ఏమీ కాలేదు. అయినా మీరు చెప్పాక పంపు విప్పి చూశాను, ఇరుసు దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంది. మార్చేస్తాను.

పాత ప్లంబరు

పంపు కొనేముందు పెట్టెమీది అంకెలు చదవడం నేర్చుకోవాలి. 'గంటకు 1,000 లీటర్లు, ఎత్తు 1.8 మీటర్లు' అని రాసి ఉంటే ఆ రెండూ ఒకేసారి జరగవు. ఎత్తు సున్నా అయినప్పుడు ఆ 1,000 లీటర్లు వస్తాయి, 1.8 మీటర్ల దగ్గర చుక్క కూడా రాదు. డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు మీకు రెండడుగులు ఎత్తితే చాలు, నీరు అడుగంటాక మూడున్నర అడుగులు ఎత్తాలి, దానికి ఎనిమిది మీటర్ల పైపు రాపిడి తోడవుతుంది. కనీసం మూడు మీటర్ల ఎత్తు రాసి ఉన్న పంపు తీసుకోండి.

మడివాళ మాధవి

కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతున్నాను. తొట్టిలో చేయి ఉన్నప్పుడు పంపు, హీటరు రెండింటి ప్లగ్గులూ తీసి ఉండాలి. ఇంటి బోర్డులో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఒకసారి చూసుకోండి, లేకపోతే పెట్టించమని యజమానిని అడగండి. ప్లగ్గుకు వెళ్లే వైరు ముందు కిందికి వేలాడి తర్వాత పైకి ఎక్కేలా వదలండి. అప్పుడు వైరువెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా నేలమీద పడుతుంది. హీటరు ప్లగ్గు తీయడం మరిచి నీరు తోడితే, గాలిలో వేడెక్కిన గాజు కొత్త నీరు తగలగానే పగులుతుంది. మా ఇంట్లో డిసెంబరు నెలలో అలాగే పగిలింది.

మహదేవపుర మూర్తి

పైపులు, పంపులు అన్నీ బాగున్నాయి కానీ మన ఊళ్లో అసలు ప్రశ్న ఏ నీరు నింపుతున్నాం అన్నది. 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ ప్రారంభమై, చుట్టుపక్కల 110 గ్రామాలకు నీరివ్వడం మొదలైంది. మా అపార్ట్‌మెంటు కూడా కనెక్షన్ తీసుకుంది. అంతకుముందు బోరు నీటిలో టీడీఎస్, అంటే కరిగిన లవణాల కొలత, 900 చూపేది. కావేరి వచ్చిన వారం 250కి పడిపోయింది. నేను సంతోషించి ఒకేసారి సగం నీరు మార్చాను. మర్నాటికి మాలీ చేపలు రెక్కలు ముడుచుకుని మూల చేరాయి, మూడు చనిపోయాయి. మంచినీరే పోశాను, మార్పు వేగంగా జరగడమే వాటికి ప్రాణాంతకమైంది. చేప ఒంట్లోని లవణాలకూ బయటి నీటికీ మధ్య తూకం ఒక్కసారిగా తప్పితే అది తట్టుకోలేదు.

ఇప్పుడు మా సంపులో ఒక రోజు కావేరి, ఒక రోజు బోరు, ఒక రోజు ట్యాంకరు నీరు కలుస్తుంది. నింపిన ప్రతిసారీ డ్రమ్ములో టీడీఎస్ మీటరు ముంచి చూస్తాను. తొట్టికీ డ్రమ్ముకూ తేడా 100 దాటితే ఆ రోజు పది శాతమే మారుస్తాను. డ్రమ్ము వల్ల నాకు కలిగిన పెద్ద మేలు నడుముకు కాదు, పోసేముందు నీటిని పరీక్షించుకునే వీలు కలగడం.

సంపు నీరు

మూర్తి గారు చెప్పినదానికి ఒకటి జోడిస్తాను. సంపు కడిగిన రోజున వాచ్‌మన్ బ్లీచింగ్ పొడి చేతికి వచ్చినంత వేస్తాడు. ఆ వారం నీటిలో క్లోరిన్ వాసన ముక్కుకే తెలుస్తుంది. నోటీసు బోర్డులో సంపు శుభ్రం చేసే తేదీ చూసి, ఆ రెండు రోజులు నేను నీరు పట్టను.

నాలుగడుగుల తొట్టి

ఒక రాత్రి గాలిరాయి వేసి ఉంచితే క్లోరిన్ పూర్తిగా పోతుందా, లేక మందు కూడా వేయాలా?

డిస్కస్ దాసు

మామూలు క్లోరిన్ ఒక రోజు గాలిలో ఆడితే పోతుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడే క్లోరమిన్ అలా పోదు. తొందర ఉంటే హైపో, అంటే సోడియం థయోసల్ఫేటు స్ఫటికాలు వాడండి. పూర్వం ఫోటో స్టూడియోల్లో ఫిల్ములు కడగడానికి వాడినది అదే. 10 గ్రాములు కరిగించి మొత్తం 100 మిల్లీలీటర్ల ద్రావణం చేసుకోండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 100 లీటర్ల నీటికి ఆ ద్రావణం 7 మిల్లీలీటర్లు సరిపోతుంది. మీ 80 లీటర్ల డ్రమ్ముకు అయిదారు మిల్లీలీటర్లు చాలు. సీసామీద తేదీ రాసి చీకట్లో ఉంచండి, నెల దాటితే కొత్తది కలుపుకోండి.

కొళత్తూరు చేప

చెన్నై నుంచి రాస్తున్నాను. ఇక్కడ లారీ నీటిలో కూడా అదే ఇబ్బంది. నేను డ్రమ్ము జోలికి పోకుండా చుక్కల పద్ధతి పెట్టుకున్నాను. పొలాల్లో బిందు సేద్యానికి వాడే డ్రిప్పరు, గంటకు రెండు లీటర్లది, ఒకటి కొన్నాను. దాన్ని రోజుకు ఐదు గంటలు వదిలితే పది లీటర్లు పడతాయి. తొట్టి పక్క గాజుకు పైన రంధ్రం చేయించి పొర్లే గొట్టం పెట్టాను, ఎక్కువైన నీరు దానిలోంచి బాల్కనీలో కరివేపాకు మొక్కకు పోతుంది. నాలుగేళ్లుగా బకెట్టు ముట్టలేదు.

ఇసుకతిన్నె

పది లీటర్ల చొప్పున వారానికి 70 లీటర్లంటే, 200 లీటర్ల తొట్టిలో 35 శాతం మారినట్టేనా?

కొళత్తూరు చేప

కాదండీ. పడే కొత్త నీరు పాతదానితో కలుస్తూ, ఆ కలిసినదే పొర్లిపోతుంది కాబట్టి కొంత కొత్త నీరు కూడా బయటికి పోతుంది. లెక్క వేస్తే వారానికి పాత నీటిలో దాదాపు 30 శాతమే మారుతుంది. ఆ తేడా నాకు సమ్మతమే, ఎందుకంటే చేపలకు మార్పు తెలియనే తెలియదు. కానీ గాజు రంధ్రం విషయంలో జాగ్రత్త పడాలి. వజ్రపు పళ్ల రంపంతో, నీరు పోస్తూ, మెల్లగా చేయాలి. టెంపర్డ్ గాజు అయితే రంపం తగలగానే మొత్తం ముక్కలవుతుంది. నింపి ఉన్న తొట్టికి మాత్రం ఎవరూ ప్రయత్నించకండి.

పాత ప్లంబరు

పద్ధతి మంచిదే. అద్దె ఇంట్లో, ఎవరూ లేని వేళ కరెంటు పోయినా పోకపోయినా నీరు పడుతూనే ఉండే ఏర్పాటును నేను సిఫారసు చేయను. పొర్లే గొట్టంలో ఒక్క ఆకు అడ్డుపడితే కింది అంతస్తువారి కప్పు తడుస్తుంది.

కొళత్తూరు చేప

అందుకే పొర్లే గొట్టం మూతికి నైలాన్ వల కట్టాను, డ్రిప్పరును పది లీటర్ల క్యానుకు తగిలించాను, మిద్దెమీది ట్యాంకుకు కాదు. క్యానులో ఉన్నదే పడుతుంది, అంతకుమించి పడటానికి నీరే ఉండదు. మీ భయం న్యాయమైనదే, నా మొదటి ఏర్పాటుకు మా ఇంటాయన కూడా అదే అభ్యంతరం చెప్పారు.

డిస్కస్ దాసు

నాలుగడుగుల తొట్టి గారికి అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి. పరికరం తయారైన ఉత్సాహంలో మొదటి రోజే సగం నీరు మార్చకండి. నెలల తరబడి నీరు తక్కువగా మారిన తొట్టిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) మెల్లగా పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియా చాలావరకు అమ్మోనియం రూపంలో ఉంటుంది, దానివల్ల చేపకు పెద్ద హాని లేదు. అందులోకి ఒక్కసారిగా పీహెచ్ ఎక్కువ ఉన్న బోరు నీరు పోస్తే అదంతా విషపూరితమైన అమ్మోనియాగా మారుతుంది. 'నీళ్లు మార్చగానే చేపలు చచ్చాయి, అందుకే మార్చడం మానేశాను' అని చెప్పేవారి ఇళ్లలో చాలాసార్లు జరిగేది ఇదే. మొదటి రెండు వారాలు రెండు రోజులకొకసారి పది శాతం చొప్పున మార్చండి. ఆ తర్వాత వారానికి నాలుగో వంతుకు రండి. ఫిల్టరు స్పాంజిని తోడిన తొట్టి నీటిలోనే పిండండి, కుళాయి కింద పెడితే మేలు చేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

మడివాళ మాధవి

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో సంగతి ఉంది. సాయంత్రం మిద్దెమీది ట్యాంకు నీరు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. డ్రమ్ములో రాత్రంతా ఉంచితే ఇంటి వేడికి వస్తుంది. డిసెంబరులో దానికి ఎదురు, పొద్దుటి నీరు చల్లగా ఉంటుంది. తేడా రెండు డిగ్రీలు దాటనివ్వకండి.

నాలుగడుగుల తొట్టి

నాలుగు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. ఎస్‌జేపీ రోడ్డుకు ఒక శనివారం వెళ్లి సామాన్లన్నీ తెచ్చాను. 16 మిల్లీమీటర్ల పైపు పది మీటర్లు, పీవీసీ ముక్కలు, బాల్ వాల్వులు రెండు, క్లిప్పులు, కొత్త 80 లీటర్ల డ్రమ్ము, మూడు మీటర్ల ఎత్తు రాసి ఉన్న అక్వేరియం పంపు కలిపి 2,150 రూపాయలయ్యాయి. అనుకున్నదానికంటే 650 ఎక్కువైనా నాకు బాధ లేదు. సాల్వెంటు పూసిన అతుకులను రెండు రోజులు ఆరనిచ్చి, బాగా కడిగి వాడాను.

తీయడం మొదటి రోజునుంచే చక్కగా సాగింది. రెండు లీటర్ల సీసాతో ఇసుకమీద మురికి తీసి, తర్వాత కొక్కెం తగిలిస్తున్నాను. నాలుగు అంగుళాలు దిగగానే గుడగుడమని ఆగిపోతుంది. దాసు గారు చెప్పినట్టు మొదటి రెండు వారాలు మాత్రం అంగుళంన్నర దగ్గరే వాల్వు మూసేశాను.

నింపడం దగ్గర తప్పు చేశాను. నీటి చప్పుడు రాకూడదని పైపు చివరను నీటిలోకి నాలుగు అంగుళాలు ముంచి కట్టాను. నిండగానే పంపు ఆపి భోజనానికి కూర్చున్నాను. అరగంటకు ఫిల్టరు గరగరలాడటంతో వెళ్లి చూస్తే, నింపిన నీరంతా సైఫన్‌గా వెనక్కి డ్రమ్ములోకి దిగిపోయి ఉంది. హీటరు ప్లగ్గు తీసి ఉండటం మాధవి గారి చలవ. డ్రమ్ములో చోటుంది కాబట్టి నేల తడవలేదు.

పాత ప్లంబరు

ఆ సంగతి ముందే చెప్పకపోవడం నా పొరపాటు. పంపు ఆగితే అది మూసుకోదు, నీటికి తెరిచిన దారే అవుతుంది. పైపు చివరను నీటిమట్టానికి పైన ఉంచండి. చప్పుడు వద్దనుకుంటే నింపే కొక్కెం లోపలి కాలికి, నిండు నీటిమట్టానికి అరంగుళం కింద ఒక రంధ్రం చేయండి. వెనక్కి లాగడం మొదలవగానే మట్టం అరంగుళం దిగి, గాలి చొరబడి ఆగిపోతుంది.

పచ్చనాకు

తీసిన నీటిని ఇంకా జాలీలోకే వదులుతున్నారా? అందులో నైట్రేటు ఉంది, అది మొక్కలకు మంచి ఎరువు.

నాలుగడుగుల తొట్టి

మొదటి వారం జాలీలోకే పోయింది. ఇప్పుడు పైపును బాల్కనీవైపు తిప్పాను, దూరం కూడా ఐదు మీటర్లే. సగం తులసికి, మందారానికి, మిర్చి కుండీలకు పోతుంది. మిగిలినది మా ఆవిడ బకెట్టులో పట్టి మెట్లు కడగడానికి కింది ఇంటివారికి ఇస్తోంది, వాళ్లే వచ్చి తీసుకెళ్తున్నారు.

నిన్న నైట్రేటు పరీక్ష నారింజ రంగు దగ్గర ఆగింది. ఒక ఏంజెల్ రెక్క అంచు మళ్లీ పెరుగుతోంది, రెండోదానికి ఇంకా సమయం పడుతుంది. పని మొత్తం మురికి తీయడంతో కలిపి ముప్పావు గంటలో అయిపోతోంది, నేనొక్కడినే చేసుకుంటున్నాను.

నీలిరెక్క

వెనక్కి లాగే సమస్య నాకు కూడా ఉంది. ఆ రంధ్రం ఎంత పెద్దది చేశారో చెప్పండి.

నాలుగడుగుల తొట్టి

మొదట 3 మిల్లీమీటర్లది చేశాను, గాలి చాలక బుడగలు పోతూనే నీరు దిగింది. 6 మిల్లీమీటర్లకు పెంచాక వెంటనే ఆగుతోంది. రంధ్రాన్ని తొట్టి లోపలివైపుకు తిప్పి పెట్టండి. నింపేటప్పుడు అందులోంచి చిన్న ధార వస్తుంది, గోడవైపుకు ఉంటే గోడ తడుస్తుంది.